మీ ప్రశ్నలు – మా జవాబులు: ప్రధాని సంతకం ఎంతవరకు చెల్లుతుంది?

పోయిన సంచికలో సంకీర్ణ ప్రభుత్వాల గురించి నాలుగు ముక్కలు రాసి, చివర్లో "ఇంకేమైనా ఉంటే అడగండి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు కలిపి చూస్తే ముప్పావు వంతు ఒకటే ప్రశ్న, రకరకాలుగా: దేశంలో ఏ పని ముందు జరగాలి, ఏది మూలన పడాలి అనేది నిజంగా ప్రధాని చేతిలోనే ఉంటుందా? ఒకే జవాబు రాసి చేతులు దులుపుకుందామనుకున్నాను గానీ, అడిగినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో చోట పట్టుకున్నారు. అందుకే ఆరు ఉత్తరాలు తీశాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాను.

పుస్తకంలో ప్రధాని "సమానుల్లో ప్రథముడు" అని ఉంది. మా కోచింగ్ సార్ "అదంతా పాత మాట, ఇప్పుడు అంతా ఆయనే" అంటున్నారు. పరీక్షలో ఏది రాయాలి? — గ్రూప్స్‌కి చదువుతున్న పాఠకురాలు, హనుమకొండ

పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయండమ్మా, మార్కులు మీ సార్ వెయ్యరు. కానీ తెలుసుకోవడానికి అడిగారు కాబట్టి చెప్తాను.

రాజ్యాంగం తెరిస్తే ప్రధాని గురించి దొరికేది చాలా తక్కువ. 74వ అధికరణం మంత్రిమండలికి ప్రధాని నాయకుడంటుంది. 75 ప్రకారం ఆయన సలహా మీదే మిగతా మంత్రుల నియామకం, మంత్రిమండలి అంతా కలిసి లోక్‌సభకు జవాబుదారీ. 78 రాష్ట్రపతికి ఎప్పటికప్పుడు సంగతులు చెప్పాలంటుంది. అంతే. ఏ విధానం ముందు, ఏది వెనక అని తేల్చే అధికారం ఆయనదేనని ఎక్కడా రాసి లేదు. అసలు తాళం 1961లో వచ్చిన రెండు నిబంధనల పుస్తకాల్లో ఉంది. ఏ శాఖ ఏ పని చూడాలో ఒకటి చెప్తుంది, ఆ పని ఏ దారిలో నడవాలో ఇంకోటి చెప్తుంది. వీటిని ఎవరూ చదవరు, సివిల్స్‌కి చదివేవాళ్లు కూడా పేరు బట్టీ పట్టి వదిలేస్తారు.

ఒక మంత్రికి ఒక మంచి ఆలోచన వచ్చిందనుకోండి. ఆయన శాఖ దాన్ని "కేబినెట్ నోట్" అనే కాగితంగా తయారుచేస్తుంది. అది ఆర్థిక శాఖకు వెళ్తుంది, న్యాయ శాఖకు వెళ్తుంది, సంబంధం ఉన్న ప్రతి శాఖా దాని మీద ఏదో ఒకటి రాస్తుంది. ఆ తర్వాత కేబినెట్ సెక్రటేరియట్‌కి చేరుతుంది, ఆ సెక్రటేరియట్ పనిచేసేది ప్రధాని కింద. రేపటి సమావేశంలో ఏ నోట్ ఉండాలో తేలేది అక్కడే. ఆ మంత్రితో "నీ నోట్ వద్దు" అని ఎవరూ అనరు. "ఇంకొంచెం పరిశీలించండి" అంటారు. ఢిల్లీలో ఈ మాటకు అర్థం ఏమిటో మనకు పెళ్లి సంబంధాల్లో "కబురు చేస్తాం" అన్నప్పుడు తెలిసిపోయినట్టే వాళ్లకూ తెలిసిపోతుంది. కేబినెట్‌లో చేతులెత్తి ఓటేసే పద్ధతి లేదు. చర్చ ఎక్కడికి తేలిందో ప్రధాని చెప్తే అదే నిర్ణయంగా రికార్డవుతుంది.

ఇవి కాక, పని ఏ దారిలో నడవాలో చెప్పే ఆ రెండో పుస్తకంలో 12వ నిబంధన ఒకటుంది. అవసరమనుకుంటే ఈ నిబంధనలను పక్కన పెట్టడానికి ప్రధాని అనుమతించవచ్చు, పెట్టేశాక మన్నించనూ వచ్చు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కోసం రాష్ట్రపతికి రాసిన ఉత్తరంలో ఇందిరా గాంధీ ఈ నిబంధన పేరే చెప్పారు. కేబినెట్‌ను ఈ రాత్రి పిలవడం కుదరదు, పొద్దున్నే చెప్తాను అని. చెప్పారు కూడా, దేశమంతా అరెస్టులు అయ్యాక, మర్నాడు పొద్దున ఆరింటికి. మంత్రులు నిద్ర కళ్లతో వెళ్లి విని వచ్చారు. ఆ దెబ్బకే 1978లో 44వ సవరణ తెచ్చి, ఎమర్జెన్సీకి మాత్రం కేబినెట్ లిఖిత నిర్ణయం ఉండి తీరాలన్నారు. మన రాజ్యాంగం మొత్తంలో "కేబినెట్" అనే మాట కనిపించేది ఆ ఒక్క 352వ అధికరణంలోనే. ఇది పరీక్షలో అడుగుతారు, రాసిపెట్టుకోండి. 12వ నిబంధన మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. 2019 నవంబర్ 23న తెల్లారకముందే మహారాష్ట్రలో రాష్ట్రపతి పాలన ఎత్తేసినప్పుడు వాడింది దాన్నే.

కాబట్టి మీ సార్ చెప్పింది తప్పు కాదు. కానీ "అంతా ఆయనే" అనేది కేబినెట్ గది గుమ్మం వరకే. గుమ్మం దాటాక కథ వేరు. తర్వాతి ఉత్తరం దాని గురించే.

2016లో ఒక్క రాత్రిలో నోట్లు రద్దు చేసిన ప్రధాని, సాగు చట్టాలను మాత్రం ఏడాది మొండికేసి చివరికి ఎందుకు వెనక్కి తీసుకున్నారు? అదే మనిషి, అదే మెజారిటీ కదా. — పసుపు రైతు, దుగ్గిరాల

మంచి ప్రశ్న అండీ. టీవీ చర్చల్లో ఇంత సూటిగా అడిగినవాళ్లను నేను చూడలేదు.

నోట్ల రద్దుకు కావలసింది ఒక నోటిఫికేషన్. రిజర్వ్ బ్యాంక్ బోర్డు సిఫారసు చెయ్యాలి, కేంద్రం ప్రకటించాలి. 2016 నవంబర్ 8 సాయంత్రం బోర్డు కూర్చుంది, ఆ తర్వాత కేబినెట్ కూర్చుంది, రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించారు. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ అర్ధరాత్రికి చిత్తు కాగితం. ఇంకెవరినీ అడగాల్సిన పని లేదు. పార్లమెంటు లేదు, రాష్ట్రాలు లేవు.

కానీ ఆ మర్నాటి నుంచి ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. మా వీధి చివర ఏటీఎం దగ్గర నేను మూడు రోజులు నిలబడ్డాను. మూడో రోజు నా ముందు ఇంకా ఇద్దరే ఉన్నారు, అప్పుడు మెషీన్‌లో డబ్బు అయిపోయింది. కొత్త 2,000 నోటు సైజు వేరు కాబట్టి మెషీన్ లోపలి ట్రేలు మార్చాలట, ఆ మార్చే కుర్రాడు ఇంకా పదూళ్లు తిరగాలట. ఆ కుర్రాడి బైకు మీద మాత్రం ఏ ప్రధానికీ అధికారం లేదు. మొదట మనిషికి 4,000 మార్చుకోవచ్చన్నారు, తర్వాత 4,500 అన్నారు, ఆ వెంటనే 2,000 అన్నారు, వేలికి సిరా పూశారు, నవంబర్ 24 నాటికి కౌంటర్లో మార్పిడే ఆపేశారు. నిర్ణయం ఒక్క పూటలో అయిపోయింది, ఆ నిర్ణయం వెంట పరుగెత్తడం నెలల తరబడి సాగింది. చివరికి రద్దయిన నోట్లలో 99 శాతానికి పైగా బ్యాంకులకు తిరిగొచ్చేశాయి.

పంటను మండీల (వ్యవసాయ మార్కెట్ల) బయట కూడా అమ్మవచ్చన్న సాగు చట్టాలు కూడా మొదట అలాగే వచ్చాయి. 2020 జూన్‌లో ఆర్డినెన్సులు, సెప్టెంబర్‌లో పార్లమెంటు. మిత్రపక్షం అకాలీదళ్ మంత్రి రాజీనామా చేసి వెళ్లిపోయినా సరే అన్నారు. కానీ వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది, మండీలు నడిపేది రాష్ట్రాలు. చట్టం అమలవ్వాలంటే కొనేవాడు, అమ్మేవాడు, కమీషన్ ఏజెంటు, పంజాబ్ ప్రభుత్వం, ఇంతమంది కదలాలి. వాళ్లు కదల్లేదు సరికదా, వచ్చి ఢిల్లీ శివార్లలోని సింఘు, టిక్రీ సరిహద్దుల్లో కూర్చున్నారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నవంబర్ 19న ప్రధాని టీవీలో వెనక్కి తీసుకుంటున్నామన్నారు. రద్దు బిల్లుకు కేబినెట్ ఆమోదం ఐదు రోజుల తర్వాత వచ్చింది. ఇది గమనించారా? వెనక్కి తగ్గడం కూడా ముందు ఆయన నోటి నుంచే, కేబినెట్ తర్వాత. గుమ్మం లోపల అధికారానికి ఏ లోటూ రాలేదు. బయటే పని జరగలేదు.

నన్నడిగితే ఏ ప్రధాని బలాన్నయినా ఇలా కొలవాలి: అనుకున్న పని ఎన్ని చేతులు దాటాలి? రెండు చేతులైతే ఆయన చక్రవర్తి. ఇరవై చేతులైతే మీ ఊరి సర్పంచ్‌కి ఉన్న తలనొప్పులే ఆయనకూ ఉంటాయి. ఇదే ప్రభుత్వం 2014 చివర్లో భూసేకరణ ఆర్డినెన్స్ తెచ్చి, దాన్ని రెండుసార్లు మళ్లీ జారీ చేసి, రాజ్యసభలో బలం లేక 2015 ఆగస్టులో మురిగిపోనిచ్చింది. కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ మండలిలో అయితే కేంద్రం ఓటు విలువ మూడో వంతే, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అక్కడ కూర్చుంటే బతిమాలక తప్పదు.

సొంత మెజారిటీ కూడా లేని పీవీ దేశాన్నే తిప్పేశారు. పదేళ్లు కుర్చీలో ఉన్న మన్మోహన్ సింగ్‌కి అది ఎందుకు చేతకాలేదు? పీవీ మనవాడని అడగడం లేదు. — రిటైర్డ్ టీచర్, కరీంనగర్

మనవాడని అడగడం లేదంటూనే అడిగారు మాస్టారూ, ఫర్వాలేదు, నాకూ ఆయన గురించి రాయాలనే ఉంది.

1991 జూన్ 21న ప్రమాణం చేసే నాటికి పీవీ నరసింహారావు ఎంపీ కూడా కాదు. ఆ ఎన్నికల్లో పోటీయే చెయ్యలేదు, నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చారు. ఖజానాలో విదేశీ డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా ఉన్నాయి. చంద్రశేఖర్ ప్రభుత్వం 20 టన్నుల బంగారం అప్పటికే పంపేసింది, జులైలో రిజర్వ్ బ్యాంక్ ఇంకో 47 టన్నులు తాకట్టుకు పంపింది. అంటే పీవీ ముందున్న మొదటి పని ఏమిటో ఆయన ఎంచుకోలేదు, అప్పులవాడు ఎంచాడు. ఇది మనం తరచూ మరిచిపోతాం. ఆయన తెలివంతా ఆ ఒక్క పని తలుపు సందులోంచి ఇంకా ఏమేం లోపలికి పంపవచ్చో చూడటంలో ఉంది.

ఏం పంపారో చూడండి. రూపాయి విలువ తగ్గింపు: రిజర్వ్ బ్యాంక్, ఆర్థిక మంత్రి, ప్రధాని, అంతే. లైసెన్సుల రద్దు: నోటిఫికేషన్ చాలు. ఎగుమతి దిగుమతుల విధానం: అదీ అంతే. పరిశ్రమల శాఖను ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకున్నారు. అంటే ఆ శాఖ కేబినెట్ నోట్ మీద "ఇంకొంచెం పరిశీలించండి" అనే మంత్రే లేడు. కార్మిక చట్టాలు మార్చడం, నష్టాల్లో ఉన్న ప్రభుత్వ కంపెనీలు మూసెయ్యడం లాంటివి? వాటికి సభలో ఓట్లు కావాలి, యూనియన్లు ఒప్పుకోవాలి. ఆయన వాటి జోలికే పోలేదు. చేతకాలేదంటారు కొందరు. నేనైతే ఓట్ల లెక్క తెలిసిన మనిషి అంటాను. ఎందుకంటే ఆయన ఒకసారి దెబ్బతిన్నాడు మాస్టారూ, మీకు నాకంటే బాగా తెలుసు. ముఖ్యమంత్రిగా భూ పరిమితి మీద పట్టుపట్టి భూస్వాములను దూరం చేసుకున్నారు, మీదట ముల్కీ తీర్పు (తెలంగాణలో స్థానికులకే ఉద్యోగాలన్న నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు మాట), ప్రత్యేక ఆంధ్ర కోరే జై ఆంధ్ర ఉద్యమం వచ్చి పడ్డాయి, 1973 జనవరిలో కుర్చీ పోయింది. ఏ పనికి ఎన్ని చేతులు అడ్డం పడతాయో ఆయన హైదరాబాద్‌లోనే నేర్చుకుని ఢిల్లీ వెళ్లారు.

జులై 24న జరిగింది చూస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. నలభై ఏళ్ల లైసెన్సు రాజ్యానికి ముగింపు పలికే పత్రాన్ని ఆ శాఖ మంత్రిగా ప్రధాని స్వయంగా చదవొచ్చు. చదవలేదు. సహాయమంత్రి కురియన్ చేత సభలో పెట్టించారు. పత్రం మొదట్లో నెహ్రూ, ఇందిర, రాజీవ్‌లకు దండాలు, ఇదంతా వాళ్ల బాటేనని. కేబినెట్‌లో గొణిగిన పాత కాంగ్రెస్ వాళ్ల నోరు దాంతో కట్టేశారు. ఆ సాయంత్రమే ఆర్థిక మంత్రి మన్మోహన్ బడ్జెట్. మర్నాడు పేపర్లన్నీ బడ్జెట్ గురించే. 18 పరిశ్రమలు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదన్న అసలు సంగతి పక్క కాలమ్‌లోకి వెళ్లింది. పండక్కి చుట్టాలంతా ముందు గదిలో గోల చేస్తుంటే వెనక గదిలో ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టించినట్టు.

అలాగని అన్నీ ఆయన అనుకున్నట్టే జరిగాయనుకోకండి. జులై 1న రూపాయి మొదటి విడత తగ్గించారు, గగ్గోలు లేచింది. రెండో విడత ఆపమని పీవీ చెప్పారు. మన్మోహన్ జులై 3 పొద్దున రిజర్వ్ బ్యాంక్ డిప్యూటీ గవర్నర్ రంగరాజన్‌కి ఫోన్ చేస్తే, అప్పటికే చేసేశాం అన్నారాయన. ఆ రంగరాజన్ గారే తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నర్‌గా వచ్చారు. ఒక ప్రధాని ఆపమన్న పని, ఫోను కాస్త ఆలస్యమైనందుకు జరిగిపోయింది, జరగడం వల్ల మంచే జరిగింది. బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచితే సొంత పార్టీ ఎంపీలే తిరగబడ్డారు. 30 శాతానికి తగ్గించి, చిన్న రైతులకు మినహాయింపు ఇచ్చారు. ఎరువు బస్తా దగ్గరికి వచ్చేసరికి చేతుల లెక్క మారిపోయింది చూశారా. 1993 జులైలో అవిశ్వాసం నుంచి 265-251తో బయటపడ్డారు, ఎలా బయటపడ్డారన్నది కోర్టుల దాకా వెళ్లిన వేరే కథ.

ఇక మన్మోహన్ సంగతి. ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు ఆయన వెనక ఒక ప్రధాని ఉన్నాడు. ప్రధాని అయ్యాక ఆయన వెనక ఎవరున్నారు? పార్టీ పగ్గాలు సోనియా గాంధీ దగ్గర, ఆమె అధ్యక్షతన జాతీయ సలహా మండలి, ఉపాధి హామీ, సమాచార హక్కు లాంటి పెద్ద పనులకు ఊపు అక్కణ్నుంచే. ఆ చట్టాలు మంచివే, నేను కాదనను. కానీ అజెండా ప్రధాని ఇంట్లో పుట్టలేదు. 2012 మార్చిలో రైల్వే మంత్రి దినేశ్ త్రివేది బడ్జెట్‌లో చార్జీలు పెంచారు. కిలోమీటరుకు పైసల్లో. ఆయన పార్టీ అధినేత్రి మమతకు అది నచ్చలేదు. నాలుగు రోజుల్లో మంత్రి రాజీనామా, వారం తిరిగేసరికి కొత్త మంత్రి వచ్చి చాలావరకు తగ్గించేశారు. తన కేబినెట్ మంత్రి సభలో పెట్టిన బడ్జెట్‌ను ప్రధాని కాపాడుకోలేకపోయారు. మరుసటి ఏడు, దోషులుగా తేలిన ఎంపీలను కాపాడే ఆర్డినెన్స్‌ను కేబినెట్ ఆమోదించాక, ప్రధాని అమెరికాలో ఉండగా రాహుల్ గాంధీ దాన్ని చించి పారెయ్యాలన్నారు. వెనక్కి తీసుకున్నారు.

అయితే ఇదే మన్మోహన్ 2008లో అమెరికాతో అణు ఒప్పందం దగ్గర పట్టిన పట్టు వదల్లేదు. వామపక్షాలు మద్దతు లాగేసుకున్నాయి, జులై 22న విశ్వాస పరీక్షలో 275-256తో నెగ్గి పని కానిచ్చారు. కుర్చీ పోయినా సరే అనుకున్న ఆ ఒక్క విషయంలో ఆయన బలం అందరికీ తెలిసింది. పదేళ్లలో ఆ మాట ఇంకో రెండు మూడుసార్లు అని ఉంటే మీ ఉత్తరం వేరేలా ఉండేదేమో.

2014లో ప్రధాని పార్లమెంటులో నిలబడి ఏపీకి ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. ప్రధాని మాటకే విలువ లేకపోతే ఇంకెవరి మాటకు ఉంటుంది? — రాజమహేంద్రవరం

ఈ ప్రశ్న ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతారు, కోపం నాకు అర్థమవుతుంది.

2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ ఆ మాట అన్నారు, నిజమే. కానీ అది విభజన చట్టంలోకి ఎక్కలేదు. చట్టంలో ఉన్నదాన్ని తర్వాతి ప్రధాని పక్కన పెట్టాలంటే సవరణ తేవాలి, సభలో నిలబడాలి. సభలో అన్న మాటను పక్కన పెట్టాలంటే ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. అజెండా మీద ప్రధానికి ఉన్న అన్నిటికంటే పెద్ద అధికారం అదే, ఊరికే ఉండటం. అప్పటికి మూడు నెలల్లో ఎన్నికలున్నాయి, ఆ ప్రభుత్వం తిరిగి రాదని చెప్పినవాళ్లకూ తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు. ఆ పూట రాతపూర్వకంగా సవరణ కోసం ఎందుకు కూర్చోలేదని మన అప్పటి ఎంపీలను అడగండి, ప్రధానిని కాదు.

2018 మార్చిలో ఇదే విషయం మీద మన పార్టీలు అవిశ్వాస నోటీసులు ఇచ్చాయి కదా, సభలో గొడవ వల్ల మద్దతిచ్చే ఎంపీలను లెక్కపెట్టలేకపోతున్నామంటూ ఆ సమావేశాలన్నీ గడిపేశారు. జులై 20న చర్చకు తీసుకుని 325-126తో ఓడించారు. నాలుగు నెలల తేడాలో వేడి తగ్గింది. వాయిదా కూడా ఒక జవాబే.

ఇప్పుడు కేంద్రం మన ఎంపీల మీద ఆధారపడి ఉంది కదా, విశాఖ స్టీల్‌ప్లాంట్ అమ్మకం పూర్తిగా రద్దయినట్టేనా? — గాజువాక

రద్దయిందని ఎవరైనా చెప్తే ఆ కాగితం చూపించమనండి. 2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మకానికి కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. రెండూ ఆర్థిక వ్యవహారాలు చూసే కమిటీ నిర్ణయాలే. మొదటిది తీసేసి రెండోది పెట్టలేదండీ, మొదటి దాని మీద రెండోది పెట్టారు. కింది కాగితం కిందే ఉంది.

మిత్రపక్షాలకు నిజంగా ఎంత పట్టు ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది. 2024లో బీజేపీకి 240, తెలుగుదేశానికి 16, జేడీయూకి 12. ఆ లెక్క వల్ల అమరావతికి 15,000 కోట్లు బడ్జెట్ ప్రసంగంలోకి వచ్చాయి. డబ్బు రాబట్టడం మిత్రుడికి తేలిక. అడ్డుకోవడం కూడా కొంత తేలికే: ఆ ఆగస్టులో బయటివాళ్లను నేరుగా 45 పెద్ద పోస్టుల్లోకి తీసుకుంటామని యూపీఎస్సీ ప్రకటన ఇస్తే, రిజర్వేషన్లు లేవని ప్రతిపక్షంతో పాటు మిత్రపక్షాలు కూడా గొంతెత్తాయి, మూడు రోజుల్లో ప్రకటన పోయింది. కానీ ప్రధాని మనసులో ఉన్న దిశను మార్చడం? దానికి పదహారు చాలవు. ప్యాకేజీ వచ్చింది కదా అని మీరు నిశ్చింతగా ఉండొచ్చా అంటే, నేనైతే ఉండను.

ప్రధానికి ఉత్తరం రాస్తే నిజంగా పని అవుతుందా? మా వీధి డ్రైనేజీ గురించి రాద్దామనుకుంటున్నాను. — గృహిణి, తణుకు

రాయండి తల్లీ, ఆన్‌లైన్లో రాస్తే రిజిస్ట్రేషన్ నంబరు కూడా వస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో నా అనుభవం చెప్తాను.

కొన్నేళ్ల క్రితం మా వీధి మురుగు కాలువ గురించే నేనూ రాశాను. మునిసిపాలిటీ చుట్టూ ఎనిమిది నెలలు తిరిగి విసిగిపోయి, ఇక పై నుంచే నరుక్కొద్దామని ప్రధాని కార్యాలయం పోర్టల్‌లో ఫోటోలతో సహా పెట్టాను. నంబరు వచ్చింది. రెండు రోజులకు చూస్తే "రాష్ట్రానికి పంపబడినది" అని ఉంది. ఇంకో వారానికి జిల్లాకు. ఇంకో పది రోజులకు ఎక్కడికో తెలుసా, నేను ఎనిమిది నెలలు తిరిగిన ఆ మునిసిపాలిటీకే. అక్కడ కూడా సరిగ్గా నేను రోజూ నిలబడిన ఆ కిటికీ వెనక కూర్చునే గుమస్తాకే.

ఆయనే ఫోన్ చేశాడు. "సార్, ప్రధానికి రాసింది మీరేనా?" అన్నాడు, గొంతులో కోపం లేదు, కొంచెం మర్యాద కూడా ఉంది. అవునన్నాను. "నిధులు వచ్చాక పరిశీలిస్తామని జవాబు పెట్టేస్తాను సార్, పై నుంచి వచ్చింది కదా, పదిహేను రోజుల్లో క్లోజ్ చెయ్యాలంట" అన్నాడు. చేశాడు, చెప్పిన గడువు కంటే రెండు రోజుల ముందే.